షారోను నింపిన బిందెలు

నానక్‌రామ్‌గూడలో నేను పనిచేసే కంపెనీ భవనంలో, పై అంతస్తున, ఒక చిన్న గది ఉంది. తలుపు తీయగానే లావెండర్ నూనె వాసన గుప్పుమంటుంది. మెత్తటి సోఫాలు, కళ్లకు గుచ్చుకోని పసుప్పచ్చ దీపాలు, గోడ మీద వెదురు పొదల బొమ్మ. పని ఒత్తిడికి నిద్రపట్టని సాఫ్ట్‌వేర్ పిల్లలు అక్కడికొచ్చి నాతో మాట్లాడతారు. వాళ్ల మాటలు వినడమే నా ఉద్యోగం. వాళ్ల బాధలు బాధలే, కాదనను. కానీ అదే గది కిటికీలోంచి కిందికి చూస్తే, రెండు అద్దాల మేడల మధ్య ఇంకా ఎవరూ కట్టని ఖాళీ స్థలంలో, నీలం పట్టాలు కప్పిన గుడిసెలు కనిపిస్తాయి. బర్మాలో తమ ఊళ్లు తగలబడితే పారిపోయి, సరిహద్దులు దాటి వచ్చిన కుటుంబాలు అందులో ఉంటాయి. పెద్దవాళ్లు చెత్త ఏరి అమ్ముకుంటారు. పిల్లలు పడుకునేటప్పుడు కూడా చెప్పులు విప్పరు. ఒకరోజు కిందికి వెళ్లి ఎందుకని అడిగితే, మళ్లీ పరుగెత్తాల్సి వస్తే ఎలా అని నూరీ అనే ఏడేళ్ల పిల్ల నన్నే ఎదురు అడిగింది.

శనివారాలు ఆ గది ఖాళీగానే ఉంటుంది. ఆ పిల్లల్ని వారానికి ఒక గంట అక్కడికి తీసుకొచ్చి కూర్చోబెట్టుకుంటానని చాలాకాలంగా కంపెనీవాళ్లను అడుగుతున్నాను. గేటు దగ్గర చూపించడానికి వాళ్లకు కార్డులు లేవన్నారు. ఏదైనా జరిగితే ఎవరు బాధ్యులన్నారు. వచ్చే త్రైమాసికంలో చూద్దామన్నారు. మధ్యలో ఒకసారి కిందికి దిగి బ్యాగులు, బిస్కెట్లు పంచి ఫొటోలు దిగి వచ్చారు. పోయిన వారం మీటింగులో ఒక పెద్దాయన, చెడ్డవాడు కాదు, నిజంగానే తెలియక అడిగాడు. "పైనుంచి చూస్తే బాగానే ఆడుకుంటున్నారు కదండీ. వాళ్లకేదో అయిందని మీకెలా తెలుసు?" జవాబు తెలియక కాదు, కోపంతో కాగితాలు సర్దుకుని బయటికి వచ్చేశాను. ఇలాంటి ప్రశ్నే నా పదేళ్ల వయసులో కూకట్‌పల్లిలో, మా ఇంట్లో, మా నాన్న నోట విన్నాను.

మేం అమలాపురం దగ్గర్నుంచి వచ్చినవాళ్లం. నాన్న బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ అప్పటికింకా సగం కాలనీ, సగం రాళ్లగుట్ట. రెండు గదుల ఇల్లు, ముందు సిమెంటు అరుగు, వెనక బాదం చెట్టు. వేసవిలో సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లి పక్కలు వేస్తే కాలిన సిమెంటు నీళ్లు పీల్చుకునే వాసన దుప్పట్లకు పట్టేది. తొలకరి పడగానే గుట్ట మీది రాళ్లలోంచి ఆవిరి లేచి, ఆరుద్ర పురుగులు ఎర్రగా పాకుతూ వస్తే వాటిని అగ్గిపెట్టెల్లో గడ్డి వేసి దాచుకునేవాళ్లం. బతుకమ్మ రోజుల్లో పక్కింటి లక్ష్మమ్మ, ఆమెది అసలు కూకట్‌పల్లి ఊరే, గేదెలు ఉండేవి, పొద్దున్నే తంగేడు పూలకు గుట్టల్లోకి వెళుతూ మమ్మల్నీ వెంట తీసుకెళ్లేది. ఆ తర్వాత సీతాఫలాలు. నాన్న సెలవు రోజున మమ్మల్ని మాదాపూర్ వైపు రాళ్ల మధ్య నడిపించుకుపోతే కళ్లు విచ్చిన కాయలు సంచీల నిండా కోసుకొచ్చి బియ్యం డబ్బాలో పూడ్చేవాళ్లం, రెండో రోజుకల్లా బియ్యమంతా తియ్యటి వాసన. చలి మొదలైతే క్రిస్మస్ పిండివంటలు: అరిసెల పాకం, గులాబీ పువ్వులు వేగే నూనె, కిరసనాయిలు స్టవ్వు మీద పెద్ద గిన్నెలో ఇసక పోసి అందులో ఇంకో గిన్నె పెట్టి అమ్మ చేసే కేకు. వెనిల్లా, కిరసనాయిలు కలిసిన ఆ వాసనే నాకు చాలా ఏళ్లు క్రిస్మస్ వాసన.

వీటన్నిటి మధ్యా నీళ్ల గొడవ ఉండేది. కుళాయి రోజు విడిచి రోజు వచ్చేది, అదీ ఎప్పుడొస్తుందో తెలియదు. "నల్లా వచ్చింది" అని లక్ష్మమ్మ గోడ మీంచి కేక పెడితే మా వీధి వీధంతా ఆడుతున్న తొక్కుడుబిళ్ల వదిలేసి బిందెలకు పరుగెత్తేది. ముందు అరుగు పక్కన నేలలో తవ్విన సంపు, దాని మీద ఇనప మూత. సంపు నిండితే అమ్మ ముఖం ఆ పూటంతా తేటగా ఉండేది.

మా రాజమణి అత్తయ్య నాన్నకు అక్క. కువైట్‌లో ఆసుపత్రి నర్సు. ప్రకాశం మామయ్య అక్కడే కార్ల షెడ్డులో పనిచేసేవాడు. రెండేళ్లకోసారి సెలవుకు వచ్చినప్పుడు వాళ్ల సూట్‌కేసు తెరిస్తే సబ్బులు, ఖర్జూరాలు, పాలపొడి, అత్తరు అన్నీ కలిసిన గాలి ఇల్లంతా తిరిగేది. వాళ్ల అమ్మాయి షారోను నాకన్నా ఏడాది చిన్నది. మేనత్త కూతురు కాబట్టి నన్ను వదినా అని పిలిచేది, గలగలా మాట్లాడేది, అచ్చనగాయల్లో నన్ను ఎప్పుడూ ఓడించేది. నాకు తొమ్మిదేళ్లప్పుడు వేసవికి వచ్చినప్పుడు వాళ్లకో చంటివాడు, బబ్లూ. వాడు మా అరుగు మీదే నడక నేర్చాడు. నా గౌను అంచు పట్టుకుని, అక్కను చూసి నేర్చుకుని, "దినా, దినా" అంటూ వెంట తిరిగేవాడు. వాణ్ణి ఎత్తుకుని అత్తయ్య దిగిన ఫొటో మా గోడ మీద క్యాలెండరు పక్కన ఉండేది.

తర్వాతి ఏడాది కువైట్ మీదికి ఇరాక్ సైన్యం వచ్చిందన్నారు. నాన్న రేడియోకు చెవి ఆనించి కూర్చున్న సాయంత్రాలు, అమ్మ వంట మధ్యలో గరిటెతోనే గుమ్మం దాకా వచ్చి నిలబడడం, చర్చిలో మా అత్తయ్య పేరు చదివి అందరూ మోకరించడం గుర్తున్నాయి. వారాలు గడిచాయి. ఎడారి దాటి జోర్డాన్ సరిహద్దుకు చేరారని, అక్కడ శిబిరంలో ఉన్నారని, విమానంలో బొంబాయి తెస్తున్నారని ముక్కలు ముక్కలుగా కబురు తెలిసింది. సీతాఫలాల రోజుల్లో ఒక మధ్యాహ్నం నాన్న సికింద్రాబాద్ స్టేషన్ నుంచి వాళ్లను ఆటోలో తీసుకొచ్చాడు. అత్తయ్య ఎవరో ఇచ్చిన మగవాళ్ల స్వెట్టరు వేసుకుంది. మామయ్యకు గడ్డం పెరిగి ఉంది. షారోను పొడుగు చొక్కా ఒకటి తొడుక్కుని దిగింది. అమ్మ చంటివాడి కోసం రెండు చేతులూ ముందుకు చాపి ఆటో దగ్గరికి వెళ్లింది. చేతులు అలాగే ఉండిపోయాయి.

ఆ సాయంత్రం నాన్న నన్నూ అమ్మనూ వంటింట్లోకి పిలిచి మెల్లగా చెప్పాడు. శిబిరంలో నీళ్లు చాలలేదు, ఉన్న నీళ్లూ మంచివి కావు, బబ్లూకు విరేచనాలు పట్టుకున్నాయి, అక్కడే పోయాడు, అక్కడే ఇసకలో పూడ్చిపెట్టారు. ఆ తర్వాత అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "వాడి పేరు ఇంట్లో ఎవరూ ఎత్తకండి. చిన్నపిల్ల, దానంతటదే మర్చిపోద్ది." గోడ మీది ఫొటో తీసి ట్రంకుపెట్టె అడుగున పెట్టాడు. నాన్నకు అక్కంటే ప్రాణం. ఆ పని ప్రేమతోనే చేశాడు. అందుకే ఇంత కోపంలోనూ నాకు ఎవర్ని తిట్టాలో తెలియదు.

అత్తయ్య మంచం మీద కూర్చుని జడ అల్లుకుని, విప్పుకుని, మళ్లీ అల్లుకునేది. మామయ్య పొద్దున్నే కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరగడానికి వెళ్లి, సాయంత్రం వచ్చి కంచం సరిగా కడగలేదని కేకలేసేవాడు. షారోను మాత్రం చక్కగా ఉందని అందరూ అన్నారు. ఏడవదు, మారాం చెయ్యదు, ఏది పెడితే అది తింటుంది. మాట్లాడడం తగ్గింది, అంతే. పైగా పని నేర్చింది. లక్ష్మమ్మ కేక పెట్టకముందే కుళాయిలో గాలి బుసబుసమనే చప్పుడు విని లేచేది. బిందెలు, గంగాళం, బకెట్లు నింపేది. అవి అయిపోతే చెంబులు, గ్లాసులు, టిఫిన్ డబ్బాలు, నా కంపాసు పెట్టె మూత కూడా. వీధిలో ఆడవాళ్లు ముచ్చటపడేవాళ్లు. "మీ ఆడబిడ్డ పొల్ల ఎంత బుద్ధిమంతురాలమ్మా" అని లక్ష్మమ్మ అమ్మతో అనేది. నాకు చూపించి, దాన్ని చూసి నేర్చుకోమనేది అమ్మ.

ఇన్ని నీళ్లు నింపే పిల్ల నీళ్లు తాగడం లేదని మాలో ఎవరూ గమనించలేదు. అన్నం తిన్నాక మూతి తడుపుకునేది, అంతే. రొట్టెలు దిండు కింద దొరికాయి, చీమలు పట్టి. అమ్మకు అప్పుడు అనుమానం మొదలైంది. పిల్ల ఎక్కడో చిక్కుకుపోయింది, మనిషి ఇక్కడ లేదు అని నాన్నతో అంది. నాన్న వీధిలో నాతో తొక్కుడుబిళ్ల ఆడుతున్న షారోనును చూపించాడు. "బానే ఆడుకుంటంది కదా. దానికేదో అయిందని నీకెలా తెలుసు?"

పాస్టరుగారు వచ్చి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. లక్ష్మమ్మ దర్గా నుంచి తాయెత్తు తెచ్చి, మేం కిరస్తానీ వాళ్లమని అమ్మ మొహమాటపడితే, గౌను లోపల కట్టు ఎవరికీ కనబడదని కట్టేసి పోయింది. వీధి చివర డాక్టరు రక్తం తక్కువని టానిక్ రాశాడు. ఇదంతా అయ్యాక ఒకరోజు బడిలో ప్రార్థన లైనులో షారోను నిలువునా పడిపోయింది. పెదవులు పగిలి రక్తం కనిపిస్తోంది. ఆసుపత్రిలో సెలైను పెట్టారు. ఒంట్లో నీళ్లు లేవన్నారు. ఇంటినిండా నీళ్లు పెట్టుకుని నీళ్లు లేక పడిపోయిందంటే ఎవరికి చెప్పుకోవాలని అమ్మ ఆ మంచం పక్కనే ఏడ్చింది. అక్కడి డాక్టరమ్మ అమ్మను పక్కకు పిలిచి, ఇది ఒంటి జబ్బు కాదు, ఎర్రగడ్డలో పిల్లల మనసు చూసే డాక్టరు ఉన్నారు, ఒకసారి చూపించండి అని చెప్పింది.

పిచ్చాసుపత్రి అక్కడే ఉంది కాబట్టి ఎర్రగడ్డ అనే మాటను మా వీధిలో తిట్టుగా వాడేవాళ్లం. ఆట మధ్యలో ఎవరైనా తొండి చేస్తే, నిన్ను ఎర్రగడ్డకు పంపాలి అనేవాళ్లం. అమ్మ ఆ మాట ఇంట్లో అనగానే నాన్న మంచం మీంచి లేచి నిలబడ్డాడు. అత్తయ్య మొదటిసారి నోరు తెరిచి, నా కూతురికి పిచ్చి ముద్ర వేయొద్దు, ఉన్నది ఇదొక్కటే అంది. రేపు దాన్నెవరు చేసుకుంటారని మామయ్య అరిచాడు. అమ్మ ఆ ఇంట్లో ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. ఆ రోజు పెంచింది. వాదించింది, బతిమాలింది, అన్నం మానేసింది. ఎర్రగడ్డ మీదుగా పోయే బస్సు మా కాలనీ ముందునుంచే వెళుతుంది. ప్రతి ఆదివారం చర్చికి మేం ఎక్కేది ఆ బస్సే. ఆ స్టాపు వచ్చినప్పుడల్లా అమ్మ షారోను చెయ్యి పట్టుకుని కిటికీలోంచి బయటికి చూసేది. నాన్న ఎదురు సీటులో ఉండేవాడు. బస్సు కదిలిపోయేది.

క్రిస్మస్ ముందురోజు మధ్యాహ్నం. అమ్మ కేకు గిన్నె కింద ఇసక వేడి చేస్తోంది, షారోను పక్కన కూర్చుని పంచదార పొడి జల్లిస్తోంది. ఎదురింటి మగపిల్లలు సీమటపాకాయల దండ ఒకటి మా గోడ పక్కనే వెలిగించారు. ఆ చప్పుడు ఆగి పొగ పలచబడేసరికి జల్లెడ నేల మీద ఉంది, షారోను లేదు. మంచాల కింద చూశాం, డాబా మీద చూశాం, లక్ష్మమ్మ గేదెల కొట్టంలో చూశాం. నాన్న, మామయ్య వీధి చివరలకు చెరో పక్కకీ పరుగెత్తారు. లక్ష్మమ్మే ముందు చూసింది. "సంపు మూత తీసుంది, గిటు రాండ్రి" అంది.

అంతకుముందు రెండు రోజులూ కుళాయి రాక సంపులో నీళ్లు సగానికి తగ్గాయి. ఆ చీకట్లో నడుము దాకా నీళ్లలో షారోను నిలబడి ఉంది. చేతిలో చెంబు. పైకి చూడడం లేదు. అమ్మ పిలిచింది, నేను పిలిచాను, పలకలేదు. అప్పుడు అత్తయ్య వచ్చింది. అన్ని నెలలుగా మంచం దిగితే స్నానానికి మాత్రమే దిగిన మనిషి, వచ్చి ఆ సిమెంటు నేల మీద బోర్లా పడుకుని లోపలికి చెయ్యి చాపింది. షారోను చెయ్యి అందుకోలేదు. నీళ్లతోనే మాట్లాడుతున్నట్టు చెప్పింది.

"అమ్మా, సీసాలో నీళ్లు నేనే తాగేశాను. తమ్ముడికి ఉంచమన్నావుగా. దాహమేసి తాగేశాను. నీకు చెప్పలేదు."

వీధిలో ఎవరింట్లోనో రేడియో మోగుతోంది. అత్తయ్య చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"ఆ నీళ్ల వల్ల కాదే అమ్మా. ఒక్క సీసాతో అయ్యే పని కాదది. పట్టిన నీళ్లు పట్టినట్టే పోయాయి వాడికి. సెలైను ఎక్కించాలి. అక్కడ లేదు. నర్సుని నేను, నాకు తెలుసు. బతికించుకోలేకపోయింది నేను. నువ్వు కాదు."

షారోను తలెత్తి చాలాసేపు వాళ్లమ్మ ముఖం చూసింది. తర్వాత చెయ్యి ఇచ్చింది. అమ్మా లక్ష్మమ్మా చంకల కింద పట్టుకుని పైకి లాగారు. తడి గౌనుతోనే వాళ్లమ్మ ఒళ్లో కూర్చుని, చెంబులో మిగిలిన నీళ్లు ఆపకుండా తాగింది. ఇద్దరూ బబ్లూ పేరు చెప్పుకుని ఏడ్చారు. మామయ్య వీధిలోంచి వచ్చి గుమ్మం దగ్గర కూలబడ్డాడు. ఆ పేరు మా ఇంట్లో వినబడడం వాళ్లొచ్చాక అదే మొదలు. సాయంత్రం అమ్మ ఎవర్నీ అడక్కుండా ట్రంకుపెట్టె తెరిచి, ఫొటో తుడిచి మళ్లీ గోడకు తగిలించింది. నాన్న చూశాడు.

అత్తయ్య ఆ మాటలు చెప్పడానికి ఎంతసేపు పట్టింది? బిందె నిండేంత సేపు కూడా పట్టలేదు. అంత చిన్న మాట కోసం తొమ్మిదేళ్ల పిల్ల తమ్ముణ్ణి తానే చంపానని అనుకుంటూ నెలల తరబడి నీళ్లు మోసింది, దాన్ని చూసి మేమంతా మెచ్చుకున్నాం. అప్పటికీ ఎర్రగడ్డకు తీసుకెళ్లలేదు. దేవుడు ప్రార్థన విన్నాడు, పిల్ల బాగుపడిందన్నారు. బాగుపడలేదు. మాట తడబడడం మొదలై హైస్కూలు దాకా పోలేదు. నిద్రలో లేచి కూర్చునేది. యుద్ధం ముగిశాక మామయ్య మళ్లీ గల్ఫ్ వెళ్లాడు, అత్తయ్య కాకినాడలో ఒక నర్సింగ్ హోంలో చేరి షారోనును తీసుకెళ్లిపోయింది. ఆ మధ్యాహ్నం సంగతి అత్తయ్య బతికినంతకాలం మళ్లీ ఎత్తలేదు.

షారోను ఇప్పుడు కాకినాడలోనే టీచరు. ఇద్దరు కొడుకులు. వాళ్లు వీధి చివరి దుకాణానికి వెళ్లినా చేతికి నీళ్ల సీసా ఇచ్చి పంపుతుందని వాళ్లాయన నవ్వుతాడు. మీటింగు అయిన రోజు కోపం ఆపుకోలేక దానికే ఫోను చేశాను. ఆ పెద్దాయన అడిగిన ప్రశ్న చెప్పాను. "అప్పుడు నన్నెవరన్నా ఒక్క మాట అడిగుంటే చెప్పేసేదాన్ని వదినా" అంది. "ఇవాళ అడుగుతారేమోనని రోజూ అందరి ముఖాలూ చూసేదాన్ని."

కూకట్‌పల్లిలో మా ఇల్లున్న చోట ఇప్పుడు ఐదంతస్తుల హాస్టలు. బాదం చెట్టు లేదు, అరుగు లేదు, లక్ష్మమ్మ కొట్టం ఉన్న జాగాలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం. మాదాపూర్ వైపు గుట్టలు పేల్చి రోడ్లు వేశారు. సీతాఫలాలు ఫ్లైఓవరు కింద బుట్టల్లో అమ్మకానికి వస్తాయి, ఎక్కడివో తెలియదు. మా వీధి ఆడపిల్లలం ఎవరెక్కడ ఉన్నామో కూడా సరిగా తెలియదు. అవన్నీ పోయినందుకు బెంగ ఉంది గానీ, పోవలసిన వాటిలో కొన్ని మాత్రం పోనే లేదు.

ఈ శనివారం కంపెనీ అనుమతి సంగతి వదిలేసి, గుడిసెల దగ్గరే చాప వేసుకుని కూర్చుందామని కిందికి వెళ్లాను. పోయిన నెలలో నూరీ మొదటిసారి తనంతట తానే నా పక్కన కూర్చుని, వాళ్ల ఊళ్లో ఇంటి వెనక పనసచెట్టు ఉండేదని చెప్పింది. ఇంకేదో చెప్పబోయి, వాళ్లమ్మ పిలిస్తే లేచి వెళ్లింది. ఆ మిగతా మాట కోసం వెళ్లాను. స్థలం చుట్టూ రాత్రికి రాత్రే రేకులు పాతి ఉన్నాయి. లోపల నేల చదును చేసి ఉంది. నీలం పట్టా ముక్క ఒక్కటీ లేదు. గేటు దగ్గర కొత్త వాచ్‌మన్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"ఖాళీ చేయించిన్రు మేడం. బిల్డింగ్ పని షురూ అయితది. యాడికి వోయిన్రో ఎరుక లేదు."

పిల్లల్ని చూశావా అని అడిగాను. ట్రాలీ ఆటోలో సామాన్ల మీద కూర్చుని పోయారని చెప్పాడు. ఏడుస్తున్నారా అంటే, లేదు, మంచిగానే ఉన్నారన్నాడు.

ఆటో అడ్డా దగ్గర వాకబు చేశాను. బాలాపూర్ వైపని ఒకతను, పహాడీషరీఫ్ దాటి ఎక్కడో అని ఇంకొకతను అన్నారు. రెండూ నగరానికి అవతలి కొసన ఉన్నాయి. నూరీ ఇంటిపేరు తెలియదు, ఫోను నంబరు లేదు. వాళ్ల నాన్న పేరు మాత్రం తెలుసు. షేరింగ్ ఆటోలో చోటు ఇరుకు చేసుకుని కూర్చుని, ముందు బాలాపూర్ ఎలా పోవాలని పక్కనున్నామెను అడిగాను.